పద్నాలుగా, పదిహేడా: నికాన్ జెడ్ కెమెరాకు అల్ట్రా వైడ్ జూమ్‌ను ఎంచుకోవడం

పెళ్లి మండపానికి మూడు మీటర్ల దూరంలో ఫొటోగ్రాఫర్ నిలబడ్డాడనుకుందాం. వెనక కుర్చీల వరుస, ఆ వెనక వీడియో వాళ్ల క్రేన్ ఉన్నాయి కాబట్టి ఇక అడుగు వెనక్కి వేసే వీలు లేదు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 24 మి.మీ. లెన్స్ ఉంటే ఆ దూరం నుంచి నాలుగున్నర మీటర్ల వెడల్పు మాత్రమే ఫ్రేములో పడుతుంది. 17 మి.మీ. అయితే 6.35 మీటర్లు, 14 మి.మీ. అయితే 7.7 మీటర్లు పడతాయి. ఈ లెక్కలో రహస్యమేమీ లేదు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ వెడల్పు 36 మి.మీ.; దాన్ని లెన్సు పేరులోని మి.మీ. సంఖ్యతో, అంటే ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, వచ్చినదాన్ని దూరంతో హెచ్చిస్తే సరిపోతుంది. కొనేముందు మనం ఎక్కువగా నిలబడే చోట్లను తలచుకుని ఈ చిన్న లెక్క ఒకసారి వేసుకుంటే, పది రివ్యూలు చదివినా తేలని సంగతి తేలుతుంది.

ఈ లెక్క చెప్పే మొదటి విషయం, వైడ్ వైపు ఒక్కొక్క మిల్లీమీటరుకూ ఉన్న విలువ. 70 మి.మీ.కీ 73 మి.మీ.కీ తేడాను ఎవరూ గమనించరు. అదే మూడు మిల్లీమీటర్లు 17 నుంచి 14కి దిగేటప్పుడు ఫ్రేము వెడల్పును 21 శాతం పెంచుతాయి. అందుకే ఈ తరగతి లెన్సుల పేర్లు చూడటానికి ఒకేలా ఉన్నా, వాటి మధ్య ఎంపిక మామూలు జూముల మధ్య ఎంపికంత తేలిక కాదు.

నికాన్ జెడ్ మౌంటును (కెమెరాకు లెన్సు బిగించే చోటును మౌంటు అంటారు) ఉదాహరణగా తీసుకోవడానికి కారణం, అక్కడ నికాన్ సొంత లెన్సుల్లో పోటీ స్పష్టంగా మూడింటి మధ్య ఉండటమే. 2019లో 14-30 ఎఫ్/4 ఎస్ వచ్చింది (14-30 ఫోకల్ లెంగ్త్ పరిధి; ఎఫ్/4 వెలుతురు దూరే ద్వారం, అంటే అపర్చర్ కొలత, ఆ సంఖ్య ఎంత చిన్నదైతే ద్వారం అంత పెద్దది); బరువు 485 గ్రాములు, ముందు 82 మి.మీ. ఫిల్టర్. 2020లో 14-24 ఎఫ్/2.8 ఎస్ వచ్చింది. బరువు 650 గ్రాములు. 2022లో 17-28 ఎఫ్/2.8 వచ్చింది; బరువు 450 గ్రాములు, ఫిల్టర్ 67 మి.మీ. అమెరికాలో విడుదలనాటి ధరలు చూస్తే మొదటిది దాదాపు 1,300 డాలర్లు, రెండోది 2,400, మూడోది 1,200. చివరి లెన్సుకు పేరులో, నికాన్ తన పై తరగతి లెన్సులకు పెట్టే ‘ఎస్’ లేదు. 2019లో సోనీ మౌంటుకు టామ్రాన్ తెచ్చిన 17-28 లోపలి గాజు అమరిక కూడా దీనిలాగే 13 ఎలిమెంట్లు (కటకాలు), 11 గ్రూపులు. ఫిల్టర్ సైజు కూడా అదే. ఆ పోలికను చూసి, ఇది పేరు మార్చిన టామ్రానేనని తక్కువ చేసి మాట్లాడేవారున్నారు. ఆ చిన్నచూపు అనవసరమని నా అభిప్రాయం. అసలు ప్రశ్న ఇది ఎవరి చేతికి సరిపోతుందన్నది.

ముందుగా 14కూ 17కూ ఉన్న తేడా ఎక్కడ పనికొస్తుందో చూద్దాం. గుడి గోపురాన్ని తీసేటప్పుడు కెమెరాను పైకెత్తితే గోపురం వెనక్కి వాలినట్టు పడుతుందన్నది అందరికీ అనుభవమే. గీతలు నిలువుగా ఉండాలంటే కెమెరాను మట్టంగా పట్టుకోవాలి. అలా పట్టుకుంటే ఫ్రేములో కింది సగం నేలకే పోతుంది, దాన్ని తరవాత కత్తిరించుకోవాలి. పది మీటర్ల దూరంలో నిలబడి, కెమెరాను నిలువుగా, మట్టంగా, కంటి ఎత్తులో పట్టుకుంటే 17 మి.మీ.తో సుమారు 12 మీటర్ల ఎత్తు వరకు అందుతుంది. 14 మి.మీ.తో 14 మీటర్లు దాటుతుంది. ఆ రెండు మీటర్ల పైచిలుకులోనే పై అంతస్తూ కలశాలూ ఉండవచ్చు. ఇరుకు వీధిలోని గుడి, చిన్న గది, పాత ఇంటి మండువా, ఇలా వెనక్కి జరిగే చోటు లేని పనుల్లో 14 నిజంగా అక్కరకొస్తుంది. ఇళ్లూ హోటళ్లూ తీసి బతికేవారికి ఈ తేడా అన్నం పెట్టే తేడా.

అయితే వెడల్పు ఊరికే రాదు. గీతలను గీతలుగానే చూపించే ఏ వైడ్ లెన్సయినా అంచుల్లోని వస్తువులను సాగదీస్తుంది. ఇది లెన్సు లోపం కాదు, చుట్టూ ఉన్న లోకాన్ని చదునైన సెన్సార్ మీద పరిచే జ్యామితి. కొబ్బరికాయను ఫ్రేము మధ్యలో పెడితే గుండ్రంగానే ఉంటుంది, 14 మి.మీ. దగ్గర దాన్ని మూలకు జరిపితే పొడవు వెడల్పుకన్నా 1.8 రెట్లయి సొరకాయలా కనిపిస్తుంది. 17 దగ్గర ఈ సాగుడు 1.6 రెట్లు, 24 దగ్గర 1.35 రెట్లు. మండపం మీద పాతికమందితో తీసిన గ్రూపు ఫొటోలో చివర నిలబడిన పెద్దమ్మ బుగ్గలూ భుజాలూ పక్కకు పొంగిపోయి, ఆల్బమ్ చూసినప్పుడల్లా ఆవిడ ఫొటోగ్రాఫర్‌ను తిట్టుకోవడానికి కారణం ఇదే. ఎంత ఖరీదైన లెన్సు కొన్నా ఇది పోదు. మనుషుల గుంపును తీసేటప్పుడు 20 మి.మీ. కన్నా కిందికి దిగకుండా, అంచుల్లో కాస్త ఖాళీ వదిలితే మేలు. పెళ్లిళ్ల పని ప్రధానమైనవారికి 14 ఉండటం కన్నా 24 దాటి 28 దాకా వెళ్లగలగడం ఎక్కువ అక్కరకొస్తుందని అనడానికి ఇది మొదటి కారణం.

వెడల్పు వల్ల వచ్చే రెండో చిక్కు దూరపు దృశ్యాల్లో. మొదటిసారి 14 మి.మీ. లెన్సు పట్టుకుని గండికోటకు వెళ్లినప్పుడు, పెన్నా లోయ అంచున నిలబడి ఇంత పెద్ద లోయకు ఎంత వెడల్పు లెన్సయితే అంత మంచిదనుకున్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే సగం ఆకాశం, పావువంతు నా కాళ్ల ముందరి బండ, మధ్యలో పంటకాలువంత లోయ. లోయ నిజంగా ఎంత లోతుగా కనిపించిందో ఆ తరవాత 30 మి.మీ. దగ్గర తీసిన ఒక్క ఫొటోయే చెప్పింది. వైడ్ లెన్సు దగ్గరివాటిని పెద్దవి చేసి దూరపువాటిని చిన్నవి చేస్తుందని అంటారు. సరిగ్గా చెప్పాలంటే ఆ పని చేసేది మనం నిలబడిన దూరం. లెన్సు వెడల్పుగా ఉంటే మనం దగ్గరి వస్తువుకు ఇంకా దగ్గరగా వెళ్లగలుగుతాం, దాంతో తేడా పెరుగుతుంది. కాబట్టి ముందు జానెడు దూరంలో పెట్టడానికి ఏదో ఒకటి, ఒక పువ్వో శిల్పమో పగిలిన బండో, లేనివారికి 14 ఖాళీ ఫ్రేములనే మిగులుస్తుంది.

ఇక అపర్చర్. ఎఫ్/2.8 ఎఫ్/4 కన్నా రెట్టింపు వెలుతురును లోపలికి పంపుతుంది, అంటే ఒక స్టాప్. ఈ ఒక్క స్టాపు కోసం 14-30ను వదిలి 14-24కు దాదాపు రెట్టింపు డబ్బు పెట్టాలా అన్న ప్రశ్నకు జవాబు చీకటి ఎంత ఉందన్నదాన్ని బట్టి కాక, ఆ చీకట్లో ఏదైనా కదులుతోందా అన్నదాన్ని బట్టి చెప్పాలి. లేపాక్షి వీరభద్రాలయంలో మండపం పైకప్పు మీద విజయనగర కాలపు వర్ణచిత్రాలున్నాయి. లోపల వెలుతురు తక్కువ. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం కనుక అనుమతి లేకుండా ట్రైపాడ్ వాడనివ్వరు. అయినా అక్కడ ఎఫ్/4 చాలు. జెడ్5, జెడ్6, జెడ్7, జెడ్8 వంటి కెమెరాల్లో సెన్సారే చేతి వణుకును సర్దుతుంది. గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టి సెకనులో ఎనిమిదో వంతు షట్టర్‌తో తీసినా బొమ్మ నిలుస్తుంది, ఎందుకంటే పైకప్పు కదలదు. తలంబ్రాల సంగతి వేరు. గాలిలో ఉన్న బియ్యపు గింజ ఆగినట్టు కనిపించాలంటే సెకనులో 250వ వంతో అంతకన్నా తక్కువో కావాలి. అక్కడ సెన్సార్ సర్దుబాటు ఏమీ చేయలేదు. ఫంక్షన్ హాలు వెలుతురులో ఎఫ్/4 లెన్సుతో అదే షట్టర్ కావాలంటే ఐఎస్ఓను, అంటే వెలుతురుకు సెన్సార్ స్పందించే స్థాయిని, రెట్టింపు చేయక తప్పదు.

పగటిపూట ప్రకృతి దృశ్యాలు తీసేవారికి ఎఫ్/2.8 దాదాపు అనవసరం. 14 మి.మీ. దగ్గర ఎఫ్/8 పెట్టి, సుమారు 83 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే, స్పష్టతను కొలిచే పాత ప్రమాణం ప్రకారం దాదాపు 42 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టంగానే ఉంటుంది. ఇప్పటి ఎక్కువ మెగాపిక్సెళ్ల సెన్సార్లకు ఆ ప్రమాణం కాస్త ఉదారమైనదే కనుక ఇంకొంచెం దూరంలో ఫోకస్ చేయడం మంచిది. ఏమైనా ఈ పనిలో లెన్సు ఎఫ్/8 దగ్గరే ఉంటుంది. ఆ అపర్చర్ దగ్గర మూడు లెన్సుల మధ్య తేడాను ప్రింటులో వెతికి పట్టుకోవడం కష్టం. వెనక నేపథ్యం కరిగిపోవాలన్న ఆశతో వైడ్ లెన్సుకు ఎఫ్/2.8 కొనేవారు మాత్రం నిరాశపడతారు. 14 మి.మీ. ఎఫ్/2.8 అంటే వెలుతురు దూరే ద్వారం వ్యాసం ఐదు మిల్లీమీటర్లే.

నక్షత్రాల దగ్గర మాత్రం ఆ ఐదు మిల్లీమీటర్లు ముఖ్యమవుతాయి. భూభ్రమణం వల్ల నక్షత్రాలు ఆకాశంలో సెకనుకు గరిష్ఠంగా 15 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు) చొప్పున జరుగుతాయి. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 14 మి.మీ. లెన్సు పెడితే ఒక పిక్సెల్ ఆకాశంలో సుమారు 88 ఆర్క్‌సెకన్లను చూస్తుంది. అంటే దాదాపు ఆరు సెకన్లకొకసారి నక్షత్రం ఒక పిక్సెల్ దాటుతుంది. 20 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో మూడు పిక్సెళ్లకు పైగా సాగుతుంది, అంతవరకు కంటికి ఓర్చుకోదగినదే. 45 మెగాపిక్సెళ్ల కెమెరాలో అదే 20 సెకన్లకు సాగుడు ఐదు పిక్సెళ్లకు దగ్గరపడుతుంది. కాబట్టి షట్టర్‌ను ఇష్టం వచ్చినట్టు పెంచలేం. ఎఫ్/2.8 దగ్గర 20 సెకన్లు, ఐఎస్ఓ 3200తో పాలపుంత వస్తే, ఎఫ్/4 దగ్గర 40 సెకన్లో ఐఎస్ఓ 6400ఓ కావాలి; మొదటిది గీతలను తెస్తుంది, రెండోది బొమ్మలో గింజలను, అంటే నాయిస్‌ను తెస్తుంది. దీనికితోడు అపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు మూలల్లోని నక్షత్రాలు చుక్కల్లా ఉండక రెక్కలు విప్పిన పక్షుల్లా మారే దోషం, అంటే కోమా, కొన్ని లెన్సుల్లో బాగా కనిపిస్తుంది. దాన్ని అదుపులో పెట్టిన 14-24 ఎఫ్/2.8 ఎస్ ఈ పనికి పుట్టిన లెన్సనే చెప్పాలి. అయితే నక్షత్రాలే ప్రధానమైనవారికి నేను జూమే వద్దంటాను. నికాన్ 20 మి.మీ. ఎఫ్/1.8 ఎస్ బరువు 505 గ్రాములు, వెలుతురు ద్వారం 11 మిల్లీమీటర్లు. చీకట్లో ఆ రెండింటి మధ్య పోటీయే లేదు.

ఒకే 14 మి.మీ. నుంచి మొదలయ్యే రెండు లెన్సులకు ఇంత తేడా ఎందుకన్నది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. పాత నికాన్ ఎఫ్ మౌంటులో లెన్సు బిగించే అంచు నుంచి సెన్సార్ వరకు 46.5 మి.మీ. దూరం ఉండేది, మధ్యలో అద్దం కదలాలి కనుక. 14 మి.మీ. లెన్సు తన బొమ్మను అంత వెనక పడేయాలంటే ముందు భాగంలో పెద్ద పుటాకార కటకాలు పెట్టి వెలుతురును బాగా విరిచి పంపాలి. 2007లో వచ్చిన 14-24 ఎఫ్/2.8జీ ముందు గాజు గుడ్డులా ఉబికి ఉండటానికీ, లెన్సు కిలో బరువు తూగడానికీ, దాని ముందు మామూలు ఫిల్టర్ బిగించలేకపోవడానికీ కారణం అదే. జెడ్ మౌంటులో ఆ దూరం 16 మి.మీ.కి తగ్గింది, మౌంటు లోపలి వ్యాసం 44 నుంచి 55 మి.మీ.కి పెరిగింది. గాజుకు వెనక వైపు చోటు దొరికింది కనుక ముందు వైపు ఉబ్బు తగ్గింది. 14 నుంచి మొదలయ్యే ఫుల్‌ఫ్రేమ్ జూముకు అడాప్టరేమీ లేకుండా మామూలు 82 మి.మీ. ఫిల్టర్ బిగించగలగడం 14-30 వచ్చినప్పుడు విశేషంగా చెప్పుకున్నారు.

అయితే ఆ చిన్న శరీరానికి ఒక ధర ఉంది. 14-30 లెన్సు 14 దగ్గర ఇచ్చే అసలు బొమ్మలో గీతలు పీపా పక్కల్లా ఉబ్బి ఉంటాయి. రా ఫైల్లో (కెమెరా దాచే ముడి బొమ్మలో) ఉన్న సమాచారాన్ని బట్టి సాఫ్ట్‌వేర్ వాటిని తిన్నగా సాగదీస్తుంది. మనం చూసేది ఆ తరవాతి బొమ్మను. సాగదీసినచోట, అంటే మూలల్లో, కొంత సూక్ష్మత పోతుంది. మూలలు చీకటి కావడం కూడా ఇలాంటిదే. 14 మి.మీ. లెన్సు మూలకు వచ్చే కిరణం 57 డిగ్రీల వాలుతో వస్తుంది. ఏ సవరణా లేని సరళ సూత్రం ప్రకారం అక్కడి వెలుతురు మధ్యలో ఉన్నదానిలో పదకొండో వంతే. లెన్సు రూపకర్తలు దీన్ని చాలావరకు తగ్గిస్తారు, మిగిలినదాన్ని సాఫ్ట్‌వేర్ వెలిగిస్తుంది, ఆ వెలిగించడంతో మూలల్లో నాయిస్ పైకి తేలుతుంది. పగలు ఇది ఎవరికీ పట్టదు. రాత్రి ఆకాశంలో పడుతుంది. 14-24 లావుగా, 16 ఎలిమెంట్లతో ఉండటం ఈ భారాన్ని సాఫ్ట్‌వేర్ మీద తక్కువగా వేయడానికే.

ఫిల్టర్ల సంగతి చివర్లో ఆలోచిద్దామని చాలామంది వదిలేస్తారు, చివర్లో జేబుకు చిల్లు పడేది అక్కడే. 17-28కి కావలసిన 67 మి.మీ. ఫిల్టర్లు మార్కెట్లో విరివిగా, చవకగా దొరుకుతాయి. 82 కొంచెం ఖరీదు, కానీ చాలా ప్రొఫెషనల్ లెన్సులకు అదే సైజు. 14-24కు నేరుగా ఫిల్టర్ పట్టదు; దానితో వచ్చే రెండు హుడ్లలో పెద్దదానికి 112 మి.మీ. ఫిల్టర్ బిగించాలి, లేదా లెన్సు వెనక జెలటిన్ ఫిల్టర్ ముక్క పెట్టాలి. వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ 112 మి.మీ. సైజులో పళ్లెమంత ఉంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే. జలపాతాన్ని పాలనురుగులా తీయాలనుకునేవారికి ఎన్‌డీ తప్పనిసరి కాబట్టి ఈ ఖర్చును మొదటి రోజే లెన్సు ధరకు కలుపుకోవాలి. ఆకాశపు నీలాన్ని ముదురు చేసే పోలరైజర్ ఫిల్టర్, అంటే సీపీఎల్ గురించి మాత్రం దిగులు అక్కరలేదు; ఇంత వెడల్పు లెన్సుకు అది ఆకాశం కోసం పనికిరాదు. సీపీఎల్ ప్రభావం సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఎక్కువగా, మిగతాచోట తక్కువగా ఉంటుంది. 14 మి.మీ. ఫ్రేము అడ్డంగా 104 డిగ్రీలు చూస్తుంది కనుక ఆకాశంలో ఒకచోట ముదురు నీలపు పట్టీ, పక్కన తెల్లదనం పడి, ఎవరో ఇంకు ఒలకబోసినట్టుంటుంది.

ఇంతవరకు వైడ్ చివర గురించే మాట్లాడుకున్నాం. రెండో చివర మాట సాధారణంగా ఎవరూ ఎత్తరు. రోజులో ఎన్నిసార్లు లెన్సు మార్చాలన్నది ఆ చివరే తేలుస్తుంది. బ్యాగులో 24-120 ఎఫ్/4 ఉన్నవారికి 14-24 సరిగ్గా అతుకుతుంది, కానీ 24 దగ్గర నిలబడి కొంచెం ముందుకూ కొంచెం వెనక్కూ పోవాల్సిన దృశ్యంలో ప్రతిసారీ లెన్సు విప్పాలి. దుమ్ము రేగే జాతరలో అది మంచి పని కాదు. 14-30తో ఒక పూటంతా అదే లెన్సుతో గడిపేయవచ్చు. 17-28 తీరు వేరు. దానికి తోడుగా నికాన్‌లో 28-75 ఎఫ్/2.8, 70-180 ఎఫ్/2.8 ఉన్నాయి. మూడింటికీ 67 మి.మీ. ఫిల్టరే. ఈ మూడూ కలిస్తే 17 నుంచి 180 దాకా ఎక్కడా వెలుతురు తగ్గకుండా నడుస్తుంది. పెళ్లిళ్లు తీసేవారికి ఇంతకన్నా తెలివైన జత నికాన్‌లో నాకు కనిపించలేదు. పైగా జూమ్ చేసినప్పుడు 17-28 పొడవు మారదు, కాబట్టి కెమెరాను కుదురుగా నిలిపే గింబల్ మీద పెట్టి వీడియో తీసేవారికి సమతుల్యం పెద్దగా చెడదు. 14-30ను మాత్రం వాడే ముందు తిప్పి తెరవాలి. ముడుచుకుంటే 85 మి.మీ. పొడవే ఉండటం ప్రయాణంలో హాయి, కానీ ఒక్క క్షణంలో పోయే దృశ్యం ముందు ఆ తిప్పడం ఆలస్యం.

ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సార్ ఉన్న జెడ్50, జెడ్30 కెమెరాలవారు ఈ మూడింటిలో దేన్నీ కొనకపోవడమే మంచిది. ఒకటిన్నర రెట్ల క్రాప్ వల్ల 14-30 అక్కడ 21-45లా పనిచేస్తుంది. వారికోసం 2023లో వచ్చిన 12-28 పవర్ జూమ్ 205 గ్రాములే ఉండి 18-42లా చూస్తుంది.

నా మట్టుకు నేను 14-30నే ఎంచుకుంటాను, ఎందుకంటే నేను తీసే గుళ్లూ కోటలూ కొండలూ కదలవు. నెలకు నాలుగు పెళ్లిళ్లు తీసేవారికి 17-28 చెబుతాను. డబ్బు మిగులుతుంది, ఆ మిగిలినదానితో మంచి ఫ్లాష్ కొనుక్కోవచ్చు. 14-24ను నక్షత్రాలతోపాటు ఇంటీరియర్లూ తీసేవారికీ, ఫొటోల మీదే ఆదాయం ఉన్నవారికీ వదిలేస్తాను. పాత 14-24 ఎఫ్/2.8జీ సెకండ్ హ్యాండులో చవకగా దొరికిందని ఆశపడి, పాత ఎఫ్ లెన్సులను జెడ్ కెమెరాకు బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో కలిపి కిలోకు పైగా మెడకు వేలాడదీసుకున్న మిత్రులను చూశాను. వాళ్లలో చాలామంది దాన్ని రెండో ఏడు ఇంట్లోనే వదిలి తిరుగుతున్నారు.

ఏది కొన్నా, పెట్టె తెరిచిన రోజే చేయాల్సిన పని ఒకటుంది. అల్ట్రా వైడ్ లెన్సులో ఒక గాజు వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఒక వైపు మూల మసకబారుతుంది. దీన్ని డీసెంటరింగ్ అంటారు. గోడకు ఎదురుగా పెట్టి తీసే పరీక్ష మంచిదేగానీ, కెమెరా ఒక డిగ్రీ వంకరగా ఉన్నా తప్పుడు ఫలితం వస్తుంది. అంతకన్నా తేలికైనది డాబా ఎక్కడం. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి, దూరంగా ఉన్న ఏదైనా సెల్ టవర్‌ను మధ్యలో ఉంచి ఫోకస్ చేసి, ఆటోఫోకస్ ఆపేయాలి. తరవాత అదే టవర్ ఒక్కొక్క ఫొటోలో ఒక్కొక్క మూలకు వచ్చేలా కెమెరాను తిప్పి నాలుగు ఫొటోలు తీయాలి. కంప్యూటర్లో నాలుగింటినీ వంద శాతం పెద్దవి చేసి పక్కపక్కన పెట్టి చూడాలి. నాలుగు మూలల్లోనూ టవర్ ఒకేలా కొంచెం మెత్తగా ఉంటే లెన్సు స్వభావం అంతే అనుకోవచ్చు. మూడు మూలల్లో ఊచలు లెక్కపెట్టగలిగి నాలుగో మూలలో అవి అలుక్కుపోతే, ఇంకో అపర్చర్ దగ్గర మరోసారి తీసి చూసి, అదే మూల మళ్లీ మసకగా ఉంటే, బిల్లు పట్టుకుని మార్పిడి గడువు దాటకముందే లెన్సు వెనక్కి ఇచ్చేయాలి.